గన్నవరం నుంచి విమాన దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్క వేసుకోవడం ఎలా?

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటే అని ఎవరైనా అంటే కాదనలేం. టికెట్ మీదా దాదాపు అంతే ఉంటుంది. అయితే పటమటలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మియాపూర్‌లో చెప్పులు విప్పేదాకా ఎంతసేపు పడుతుందో ఆ టికెట్ చెప్పదు. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఒక లెక్క, విమానం తీసుకునే టైము ఇంకో లెక్క, మనకు పట్టే టైము మూడో లెక్క. వీటిని విడివిడిగా వేసుకోవడం వస్తే ఏ ఊరికి విమానం ఎక్కాలో, ఏ ఊరికి బస్సో రైలో చాలో మీకే తెలిసిపోతుంది. ఫోన్, అందులో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతికితే ఒక్కోసారి మ్యాప్ ఊరి మధ్యలో చుక్క పెడుతుంది. విమానం దిగేది ఊరి మధ్యలో కాదు కదా. విజయవాడ ఎయిర్‌పోర్టు గన్నవరం దగ్గర కేసరపల్లిలో, నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారి పక్కనే ఉంది. హైదరాబాద్‌ది శంషాబాద్, బెంగళూరుది దేవనహళ్లి వైపు. గోవాకు దబోలిం ఒకటి, మోపా ఒకటి, రెండున్నాయి. దుబాయ్‌లోనూ రెండు. టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ చూస్తే ఏదన్నది తేలిపోతుంది. గన్నవరానిది వీజీఏ, విశాఖది వీటీజెడ్. రెండూ ‘వీ’తోనే మొదలవుతాయి కాబట్టి హడావుడిలో బుక్ చేసేటప్పుడు ఇంకోసారి చూసుకోండి. పైలట్లు, నేల మీంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ వాళ్లు వాడే నాలుగక్షరాల కోడ్ వేరే ఉంది. గన్నవరానిది వీఓబీజెడ్. రైల్వే వాళ్లు మన స్టేషన్‌కు వాడే బీజెడ్‌ఏ తెలిసినవాళ్లకు ఆ చివరి రెండక్షరాలు ఎక్కడివో చెప్పక్కర్లేదు.

సూటి దూరం కొలవండి

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి గన్నవరం రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకోండి. ఎర్ర పిన్ పడుతుంది. కింద వచ్చే వివరాలను పైకి జరిపితే మెజర్ డిస్టెన్స్ అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని నొక్కి, మ్యాప్‌ను జరుపుతూ తెర మధ్యలో ఉన్న గుండ్రటి గుర్తు మీరు వెళ్లే రన్‌వే మీదికి వచ్చేలా చేయండి. దూరం కింద కిలోమీటర్లలో కనిపిస్తుంది. ముందు మ్యాప్‌ను చిన్నది చేసుకుని రెండో ఊరి దగ్గరకు వెళ్లి, అక్కడ మళ్లీ పెద్దది చేసుకుంటే వేలు నొప్పి పుట్టదు.

ఇలా కొలిస్తే గన్నవరం నుంచి శంషాబాద్‌కు సుమారు 265, విశాఖకు 290, తిరుపతికి 350, చెన్నైకి 400, బెంగళూరుకు 500, ముంబయికి 885, ఢిల్లీకి 1,390 కిలోమీటర్లు వస్తాయి. ఐదారు కిలోమీటర్లు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. విమానం ఎలాగూ గీత గీసినట్టు పోదు.

కొన్ని వెబ్‌సైట్లు దూరాన్ని మైళ్లలో చూపిస్తాయి. అక్కడ జాగ్రత్త. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. విమానాలకు, ఓడలకు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఢిల్లీ దూరం ఒకచోట 864 అనీ ఇంకోచోట 750 అనీ కనిపిస్తే రెండూ తప్పు కావు. మొదటిది మామూలు మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు.

మ్యాప్ మీద నమ్మకం లేకపోతే చేత్తోనే

ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే దీన్ని వాళ్లకు అప్పజెప్పండి. పైథాగరస్ ఎందుకు పనికొస్తాడని అడిగేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఏ ఎయిర్‌పోర్టుకైనా అక్షాంశ, రేఖాంశాలు వికీపీడియాలో దొరుకుతాయి. గన్నవరం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం. బెంగళూరు ఎయిర్‌పోర్టు 13.20, 77.71. అక్షాంశాల తేడా 3.33 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తర దక్షిణాల తేడా 370 కిలోమీటర్లు.

రేఖాంశాల దగ్గర ఒక చిక్కు ఉంది. భూమధ్యరేఖ దగ్గర రెండు రేఖాంశాల మధ్య కూడా 111 కిలోమీటర్లే. కానీ ఉత్తరానికి పోయేకొద్దీ అవి దగ్గరవుతాయి, ధ్రువం దగ్గర కలిసిపోతాయి. అందుకే 111ను ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. గన్నవరం, బెంగళూరు అక్షాంశాల సగటు 14.9 డిగ్రీలు, దాని కొసైన్ 0.966. అంటే ఇక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 107 కిలోమీటర్లు. తేడా 3.09 డిగ్రీలు కాబట్టి తూర్పు పడమరల తేడా 331 కిలోమీటర్లు. ఇక 370 వర్గం, 331 వర్గం కూడి వర్గమూలం తీయండి. 496 వస్తుంది. కంప్యూటర్ కూడా ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో ఇదే చెబుతుంది.

మన దేశంలో ఏ రెండు ఊళ్లకైనా ఈ పద్ధతి సరిపోతుంది. అమెరికాకు మాత్రం పనికిరాదు. భూమి గుండ్రం కాబట్టి అంత దూరాల్లో లంబకోణ త్రిభుజం లెక్క చెల్లదు. అక్కడ మ్యాప్స్‌తోనే కొలవండి, లేదా పిల్లల గ్లోబు తీసుకుని హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం లాగి పట్టుకోండి. గోడ మీద మ్యాప్ చూసి యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్తుందనుకుంటాం. దారం మాత్రం నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి బాగా దగ్గరగా పోయి అవతలి వైపు దిగుతుంది. హైదరాబాద్‌కూ డాలస్‌కూ రేఖాంశాల్లో 175 డిగ్రీల తేడా ఉండటమే కారణం. దాదాపు భూగోళానికి ఆ వైపున్న ఊరన్నమాట. ఆ దారిన దూరం సుమారు 14,400 కిలోమీటర్లు.

దూరాన్ని గంటల్లోకి మార్చండి

చాలామంది ఇక్కడ దూరాన్ని వేగంతో భాగించి ఊరుకుంటారు. ఎయిర్‌బస్ ఎ320 లాంటి జెట్ పైకి వెళ్లాక గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన చెన్నై అరగంట కూడా కాకూడదు. కానీ రన్‌వే దాకా పోవడం, పైకి ఎక్కడం, కిందికి దిగేటప్పుడు వేగం తగ్గించుకుంటూ చుట్టు తిరిగి రన్‌వేకు ఎదురుగా రావడం, దిగాక పార్కింగ్ దాకా పోవడం, ఇవన్నీ ఉన్నాయి. 300 కిలోమీటర్ల ప్రయాణమైనా 3,000 కిలోమీటర్లదైనా ఈ పనులు తప్పవు.

అందుకని ఇలా చేయండి. జెట్ అయితే దూరాన్ని 800తో భాగించి, వచ్చిన టైముకు 35 నిమిషాలు కలపండి. ఢిల్లీకి 1,390ని 800తో భాగిస్తే గంటా 44 నిమిషాలు, 35 కలిపితే 2 గంటల 20 నిమిషాలు. ముంబయికి గంటా 40. టికెట్ల మీద ఉండే టైములు వీటికి ఐదు పది నిమిషాలు అటూ ఇటూగా ఉంటాయి.

రెండు వైపులా ఫ్యాన్లతో, డెబ్బై ఎనభై మంది పట్టే విమానం ఏటీఆర్. మన గన్నవరం నుంచి దగ్గరి ఊళ్లకు ఇవి బాగా తిరుగుతాయి. వీటి వేగం గంటకు 500 కిలోమీటర్లు. 480తో భాగించి అరగంట కలపండి. హైదరాబాద్‌కు గంటా ఐదు నిమిషాలు, చెన్నైకి గంటా 20 వస్తాయి. బెంగళూరుకు ఇక్కడే తేడా తెలుస్తుంది. జెట్‌లో గంటా పావు లోపు, ఏటీఆర్‌లో గంటన్నర. బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. ఒకే ఊరికి ఒకే కంపెనీ రెండు విమానాల్లో పావుగంట తేడా ఎందుకుందో అది చూస్తే తెలిసిపోతుంది.

టికెట్ మీది టైము రన్‌వే మీంచి లేచిన దగ్గర్నుంచి తిరిగి దిగేదాకా అనుకోకండి. పార్కింగ్ చోటు నుంచి కదిలిన క్షణం మొదలు అవతలి ఊళ్లో పార్కింగ్‌లో ఆగేదాకా లెక్క. ఎయిర్‌లైన్స్ వాళ్లు దీనికి కొంత ముందే కలిపి చెబుతారు. లేటుగా బయల్దేరిన విమానం కూడా టైముకు చేరిపోయి, క్యాబిన్‌లో గర్వంగా అనౌన్స్ చేస్తారే, ఆ మహిమ ఇదే.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు అవి ఎదురు, వచ్చేటప్పుడు తోడు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, మన సూత్రం ప్రకారం 3 గంటల 45 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 20 నిమిషాలకు పైగా తగ్గుతుంది. గన్నవరం నుంచి ఢిల్లీ దాదాపు సూటిగా ఉత్తరానికి కాబట్టి ఆ గాలి పక్క నుంచి తగులుతుంది. పోను, రాను టైముల్లో పెద్ద తేడా ఉండదు.

ఇక దారి మూసేస్తే సూత్రాలేవీ పనిచేయవు. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసేసినప్పుడు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. ఢిల్లీ మీదుగా అమెరికా టికెట్ తీసుకునేవాళ్లు దూరం కొలిచి టైము ఊహించుకోకుండా, టికెట్ మీద వేసిందే నమ్మాలి.

టికెట్ మీది గడియారం చదవడం

బయల్దేరే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు ఎక్కితే దుబాయ్‌లో మధ్యాహ్నం 12.15 అని ఉంటుందనుకోండి. రెండుంపావు గంటలేనా అని సంబరపడొద్దు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. దాన్ని కలిపితే 3.45. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ 2 గంటలకు ఎక్కి ఇక్కడ సాయంత్రం 6.55కి దిగితే, 4.55లోంచి గంటన్నర తీసేయాలి, 3.25. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి అక్కడ కూడికా తీసివేతా తారుమారవుతాయి. డాలస్‌తో ఇంకో తలనొప్పి. అక్కడ చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి పదిన్నర గంటలే. దిగే టైము పక్కన ‘+1’ అని చిన్నగా ఉంటే మర్నాడు అని అర్థం. ఎయిర్‌పోర్టుకు కారు పంపే బంధువులకు తేదీతో సహా చెప్పండి.

మధ్యలో దిగి మారాలంటే

మధ్యలో ఏ ఊరు అయితే నయమో దూరంతోనే తేలుతుంది. గన్నవరం నుంచి దుబాయ్‌కు సూటిగా కొలిస్తే సుమారు 2,810 కిలోమీటర్లు. హైదరాబాద్ మీదుగా కలిపినా అంతే వస్తుంది. ముంబయి మీదుగా కలిపినా అంతే! రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. చెన్నై మీదుగా అయితే 500 కిలోమీటర్లకు పైగా ఎక్కువ, ఢిల్లీ మీదుగా అయితే 750 దాటుతుంది. అంటే గాల్లోనే ఇంకో గంట. ఢిల్లీ టికెట్ వెయ్యి రూపాయలు తక్కువ ఉందని ఎగబడే ముందు ఇది కూడా చూడండి.

రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటిది లేటైతే తర్వాత ఏం చేయాలన్నది వాళ్ల బాధ్యత. విడివిడిగా కొన్న టికెట్లయితే అది మీ టెన్షన్. సామాను దించుకుని, మళ్లీ కౌంటర్‌లో ఇచ్చి, ఇమిగ్రేషన్ దాటాలి. అలాంటప్పుడు నాలుగైదు గంటల ఎడం లేకుండా విదేశీ విమానం పట్టుకోవద్దనే నేనంటాను. చాలామంది మనవాళ్లు గన్నవరం వదిలేసి రోడ్డు మీదే శంషాబాద్ పోతారు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి దూరకుండానే ఎయిర్‌పోర్టు చేరొచ్చు. అర్ధరాత్రి దాటాక ఉండే విమానాలకు ఇది సులువైన దారి.

అసలు లెక్క: ఇంటి నుంచి ఇంటికి

కాగితం మీద ఐదు అంకెలు రాయండి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు, ఎయిర్‌పోర్టులో ఆగేది, విమానంలో, దిగాక సామానుకు, అక్కడి నుంచి చేరాల్సిన చోటుకు. పటమట నుంచి మియాపూర్‌కైతే 45, 90, 65, 30, 60 నిమిషాలు వేసుకోండి. మొత్తం 4 గంటల 50 నిమిషాలు. విమానం టైము అందులో పావు వంతు కూడా కాదు. రోడ్డు మీద విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు, బస్సుకు ఐదు గంటల పైచిలుకు.

చేరాల్సింది ఎల్‌బీ నగరో దిల్‌సుఖ్‌నగరో అయితే విమానం మాటే ఎత్తొద్దు. విజయవాడ హైవే హయత్‌నగర్ మీదుగా నేరుగా అక్కడికే దిగుతుంది. గచ్చిబౌలి అయితే శంషాబాద్ నుంచి ఔటర్ మీద త్వరగా పోవచ్చు కాబట్టి విమానం వైపు మొగ్గొచ్చు. సంక్రాంతి ముందు మూడు నాలుగు రోజులు మాత్రం హైదరాబాద్ నుంచి ఊరికి వచ్చేవాళ్లు బస్సు టైము నమ్ముకోవద్దు. పంతంగి టోల్ దగ్గర కార్ల వరుస ఎంత ఉంటుందో టీవీలో ఏటా చూస్తూనే ఉన్నాం.

గుంటూరు వాళ్లకు లెక్క ఇంకో రకం. బ్రాడీపేట నుంచి గన్నవరం 55 కిలోమీటర్లకు పైనే. కాజ టోల్‌గేట్, మంగళగిరి, కనకదుర్గ వారధి, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దాకా కారు సాఫీగానే పోతుంది. రామవరప్పాడు రింగ్ దగ్గర ఆగిపోతుంది. ప్రసాదంపాడు, ఎనికేపాడు దాటి నిడమానూరు వచ్చేదాకా బ్రేక్ మీంచి కాలు తీయనివ్వదు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు మధ్య అయితే గంటన్నర కాదు, రెండు గంటలు వేసుకోండి. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి కాబట్టి ముందురోజు పేపర్ చూసుకోవాలి. హైదరాబాద్‌కైతే గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా నార్కట్‌పల్లి రోడ్డు ఉండనే ఉంది. అటు తిరిగి విజయవాడ దాటి గన్నవరం పోయి విమానం ఎక్కడంలో అర్థం నాకు కనిపించదు.

బెంగళూరు వేరే కథ. సూటిగా 500 కిలోమీటర్లే కానీ, మధ్యలో నల్లమల, కొండలు అడ్డం కాబట్టి రోడ్డు చుట్టు తిరిగి 600 దాటుతుంది. రాత్రంతా బస్సులోనే. విమానంలో ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు వేసుకున్నా సగం రోజు మిగులుతుంది. దేవనహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ వెళ్లేవాళ్లు మాత్రం చివరి అంకె 60 కాకుండా 120 రాసుకోండి. విశాఖకు విమానం కన్నా రైలే మేలు. సూటి దూరం 290, పట్టాల మీద 350. స్టేషన్ రెండు ఊళ్లలోనూ ఊరి మధ్యలోనే. ఢిల్లీ, ముంబయిలకు ఈ ఐదంకెల కాగితం అవసరమే లేదు, విమానమే.

రెండో అంకె 90 ఎందుకంటే, దేశీయ ప్రయాణాల్లో చాలా ఎయిర్‌లైన్స్ బయల్దేరే టైముకు గంట ముందే సామాను కౌంటర్ మూసేస్తాయి. బోర్డింగ్ గేటు 20, 25 నిమిషాల ముందు. చేతి సంచి మాత్రమే ఉండి, వెబ్ చెకిన్ అయిపోతే గన్నవరం లాంటి చిన్న ఎయిర్‌పోర్టులో 60 నిమిషాలు చాలు. ఆవకాయ జాడీలతో వెళ్తుంటే 90లోంచి ఒక్కటి కూడా తగ్గించకండి. పచ్చడి చేతి సామానులో పోనివ్వరు, చెకిన్‌లో వేయడానికి ప్యాకింగ్ గట్టిగా ఉండాలి.

బయల్దేరే ముందు ఒకసారి

టికెట్ మీది టైము నిజంగా ఎంత నమ్మొచ్చో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టండి. గత వారం రోజులూ ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో కనిపిస్తుంది. ఐదు రోజులు ముప్పావుగంట లేటుగా నడిచిన విమానం ఆరో రోజు మీకోసం టైముకు రాదు. విమానం నడిచిన గీత కూడా చూడొచ్చు. మ్యాప్‌లో మీరు కొలిచిన సూటి గీతకూ దానికీ ఎంత తేడా ఉందో, ముఖ్యంగా ఢిల్లీ దగ్గర దిగే ముందు ఎన్ని మలుపులు తిరిగిందో అక్కడే తెలుస్తుంది.

డిసెంబరు, జనవరిలో గన్నవరంలో పొద్దున్నే పొగమంచు పడుతుంది. ఢిల్లీలో చెప్పక్కర్లేదు. రన్‌వే కనిపించక విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం, హైదరాబాద్ తిప్పేయడం ఏటా జరిగేదే. ఆ నెలల్లో ముహూర్తానికో ఇంటర్వ్యూకో పోవాలంటే పొద్దున్న ఏడింటి విమానం కాకుండా పదకొండు తర్వాతది, వీలైతే ముందురోజుది తీసుకోండి. సామాను బెల్ట్ దగ్గర నిలబడ్డాక క్యాబ్ బుక్ చేయండి. విమానం దిగీదిగకముందే బుక్ చేస్తే వెయిటింగ్ చార్జీ పడుతుంది.